పుచ్చిన దూలానికి వెలిగారపు మందు

ఇంటి కలపను తినే పురుగులు రెండు తెగలు. ఒక తెగ కర్రలోనే పుట్టి, కర్రలోనే పెరిగి, పొడి రాల్చుకుంటూ బయటికి ఎగిరిపోతుంది. రెండో తెగ నేలలో కాపురముంటూ మేతకు మాత్రం కర్ర దగ్గరికి వచ్చిపోతుంది. మొదటిది పుచ్చు పురుగు, రెండోది చెద. చివరికి రెండూ దూలాన్ని గుల్ల చేసేవే అయినా వాటికి వాడాల్సిన మందు, వాడే చోటు, వాడే పద్ధతి పూర్తిగా వేరు. ఆ తేడా చూడకుండా దుకాణంలో ఏదో ఒక పురుగుమందు డబ్బా కొని అటక మీద చల్లిన ఇళ్ళలో డబ్బూ పోతుంది, దూలమూ దక్కదు. పైగా ఆ గాలి పీల్చేది ఆ కప్పు కింద పడుకునే మనుషులే.

కర్ణాటకలోని చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి, దానికి ఉత్తరాన బాగేపల్లి ప్రాంతం ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ నడిచే సీమ. ఇక్కడి పాత ఇళ్ళలో రాతి వాడకం ఎక్కువ. రాతి కూసాలు, రాతి గోడలు, మిద్దె మీద పరచిన బండలు కనిపిస్తాయి. రాయి ఎంత ఉన్నా కర్ర లేకుండా ఇల్లు నిలవదు. మట్టి మిద్దెకు దూలాలు, దంతెలు కావాలి. పెంకుటింటికి వాసాలు, రీపర్లు కావాలి. ఏ ఇంటికైనా ద్వారబంధం, గడప తప్పవు. బెంగళూరు పెంకులని మనవాళ్ళు పిలిచే పెంకులు మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో పెట్టిన కార్ఖానా నుంచి మొదలై దక్షిణాది అంతటా పాకాయి. ఆ పెంకు కప్పుల కింద వేసిన కర్రే ఇప్పుడు చాలా ఇళ్ళలో పుచ్చుతో, చెదతో పోరాడుతోంది.

పుచ్చు పురుగుల్లో ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది లిక్టస్ జాతి పెంకుపురుగు. పొడవు 3 నుంచి 6 మిల్లీమీటర్లు, ఎర్రగోధుమ రంగు, సన్నటి ఒళ్ళు. ఆడపురుగు ముందు కర్రను కాస్త కొరికి చూసి, అందులో పిండిపదార్థం ఉందని తేలితేనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కర్ర పైపైన ఉండవు. చెట్టు బతికి ఉన్నప్పుడు నీళ్ళు ఎక్కిన సన్నటి గొట్టాలలోకి అది గుడ్లను దించుతుంది. పిల్ల పురుగు నెలల తరబడి లోపలే సొరంగాలు తవ్వుకుంటూ తింటుంది. బయటికి ఏమీ కనబడదు. పెరిగి పెద్దదై రెక్కలు వచ్చాక, గుండుసూది తలంత గుండ్రటి రంధ్రం చేసుకుని వచ్చేస్తుంది. అప్పుడు రంధ్రం కింద మైదాపిండి లాంటి మెత్తటి పొడి రాలుతుంది. ఇంటివాళ్ళకు సంగతి తెలిసేది ఆ పొడిని చూశాకే. అప్పటికి లోపల ఒక తరం తినడం పూర్తి చేసుకుని ఉంటుంది.

రంధ్రం కాస్త పెద్దదై, పొడి గరుకుగా ఉంటే అది బోస్ట్రికిడ్ కుటుంబపు పురుగు. వెదురు బద్దల్ని, తట్టల్ని, పట్టుపురుగులు గూళ్ళు కట్టుకునే చంద్రికల్ని పొడి చేసే డైనోడెరస్ కూడా ఆ కుటుంబానిదే. రంధ్రం కోలగా, ఇంకా పెద్దదిగా ఉంటే పొడవాటి మీసాల పురుగును అనుమానించాలి. మన దేశంలో ఎండిన కలపకు పేరుమోసిన శత్రువు స్ట్రోమేషియం బార్బేటం ఈ రకానిదే. దాని పిల్లలు ఒక్కో దూలంలో ఏళ్ళ తరబడి ఉండగలవు. ఇల్లు కట్టి మూడు నాలుగేళ్ళయ్యాక ఉన్నట్టుండి తలుపు చట్రం నుంచి పురుగు బయటపడితే, అది ఆ కర్రతోపాటే ఇంట్లోకి వచ్చిందని అర్థం.

చెద కథ వేరు. మన పొలాల గట్ల మీద పుట్టలు పెట్టే ఒడోంటోటెర్మిస్ జాతి చెదలు నేలలోపల బూజు తోటలు పెంచుకుంటాయి. కొరికి తెచ్చిన కర్ర పిప్పిని ఆ బూజు అరిగిస్తుంది, చెదలు దాన్ని తింటాయి. తొలకరి జల్లు పడ్డ సాయంత్రం దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్ళు ఈ పుట్టల నుంచి పెళ్ళికి బయల్దేరినవే. వాటిని పట్టి వేయించుకుని ఇష్టంగా తినే ఊళ్ళు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. చెద ఒళ్ళు మెత్తన, ఎండ తగిలితే త్వరగా వాడిపోతుంది. అందుకే నేల నుంచి కర్ర దాకా మట్టితో సన్నటి గొట్టం కట్టుకుని అందులోనే నడుస్తుంది. గోడ మీద పెన్సిలు లావున మట్టి చార కనబడితే అది చెద దారి. లిక్టస్ పొడి రాలుస్తుంది, ఈ చెద పొడి రాల్చదు. తిన్నచోటల్లా మట్టి నింపుతుంది. ఈ ఒక్క గుర్తు చాలు, సగం నిర్ధారణ అయినట్టే.

అన్ని కర్రలూ పురుగుకు ఒకేలా లొంగవు. మాను మధ్యలో ముదురు రంగున్న చేవలో చెట్టు తనంతట తాను నింపుకున్న చేదు, నూనె, బంక ఉంటాయి. టేకు చేవ, వేగిస చేవ, ముదిరిన తుమ్మ చేవ తరాల తరబడి నిలిచాయంటే అందుకే. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కలో మాత్రం చెట్టు తన తిండిని పిండి రూపంలో దాచుకుంటుంది. లిక్టస్‌కు కావలసింది అదే. టేకయినా సరే తెల్లచెక్క పుచ్చుతుంది. మామిడి, నీలగిరి, సిల్వర్ ఓక్ లాంటి తోట కలపలో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. నీలగిరి తోటలు విస్తరించిన కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాల్లో ఈ తరం ఇళ్ళ వాసాలు ఎక్కువగా చేవ ముదరని కలపవే. తాతల నాటి దూలం చెక్కుచెదరకుండా ఉంటే, పదేళ్ళ కిందట వేసిన వాసం పొడిపొడి కావడంలో వింత లేదు.

పుచ్చు పైపైన ఒక వేలెడంతే కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. లెక్క చూస్తే ఆ ధీమా నిలవదు. 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తున్న దూలానికి నాలుగు వైపులా ఒక్కొక్క సెంటీమీటరు పుచ్చి పోయిందనుకుంటే, మిగిలేది 8 వెడల్పు, 13 ఎత్తు. దూలం మోసే బరువు దాని వెడల్పుతోనూ, ఎత్తును ఎత్తుతో హెచ్చవేసిన అంకెతోనూ ముడిపడి ఉంటుంది. మొదట 10 × 15 × 15, అంటే 2,250. ఇప్పుడు 8 × 13 × 13, అంటే 1,352. బలం 60 శాతానికి పడిపోయింది. వంగకుండా నిలబడే బిగువు ఎత్తుకు మూడు సార్లు ముడిపడి ఉంటుంది కాబట్టి అది ఇంకా దిగజారి సగం దగ్గరికి వస్తుంది. దూలం నడుము కిందికి జారి పెంకుల వరుస వంకరపోవడం ఇలాగే మొదలవుతుంది.

కాబట్టి మందుకంటే ముందు పరీక్ష జరగాలి. అనుభవమున్న వడ్రంగి సుత్తితో దూలాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తట్టి వింటాడు. గట్టి కర్ర ఖణేలుమంటుంది, గుల్ల కర్ర బొదబొదమంటుంది. అనుమానమున్నచోట సన్న ఉలితోనో స్క్రూడ్రైవరుతోనో గుచ్చి, ఎంత లోతున గట్టిదనం తగులుతుందో చూడాలి. ముఖ్యంగా చూడాల్సినవి గోడలో పాతుకున్న దూలపు కొసలు. చెమ్మ చేరేది అక్కడే, చెద ఎక్కేదీ అక్కడినుంచే. పుచ్చు పాతదా, ఇంకా నడుస్తోందా అన్నది తేలడానికి ఒక పద్ధతి ఉంది. దూలాన్ని బ్రష్షుతో శుభ్రంగా తుడిచి, ఉన్న రంధ్రాల చుట్టూ సుద్దముక్కతో గీసి, కింద నల్లటి గుడ్డ పరచాలి. కొన్ని వారాల తర్వాత గుడ్డ మీద తెల్లగా తాజా పొడి పడినా, గీతల బయట కొత్త రంధ్రాలు వచ్చినా పురుగు బతికే ఉంది. ఏమీ లేకపోతే అవి ఎప్పుడో ఖాళీ అయిన సొరంగాలు, వాటికి మందు దండగ. వేసవి, తొలకరి రోజులు కలిసేలా చూసుకుంటే ఈ పరీక్ష నమ్మదగ్గది, పెద్ద పురుగులు బయటపడేది ఎక్కువగా వెచ్చటి నెలల్లోనే.

కలప మందుల చరిత్రలో ఒక తెలుగు పేరు పెద్దక్షరాలతో రాయదగ్గది. ఇంటిపేరు వింటేనే తెలుగువాడని తెలిసిపోయే సొంటి కామేశం, డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని కనిపెట్టాడు. అంతకుముందున్న మందులకు పెద్ద లోపం, వానకు కడుక్కుపోవడం. కామేశం మిశ్రమంలో క్రోమియం మిగతా రెండింటినీ కర్ర నారకు అతికిస్తుంది. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగును చంపుతుంది. ఆస్కు అన్న పేరుతో మొదలైన ఆ మందు సీసీఏ అన్న పొట్టిపేరుతో ప్రపంచమంతా పాకింది. వాననీ మట్టినీ తట్టుకోవాల్సిన కరెంటు స్తంభాలు, కంచె గుంజలు, వంతెనల కలప దానితో దశాబ్దాల ఆయుష్షు పోసుకున్నాయి. అందువల్ల నరకకుండా మిగిలిన చెట్లు ఎన్నో. డెబ్బై ఏళ్ళు నిలిచిన ఆవిష్కరణ అది.

కానీ ఆర్సెనిక్ క్యాన్సర్ కారకం. సీసీఏ పట్టించిన కర్ర నుంచి అది కొద్దికొద్దిగా మట్టిలోకి దిగుతుందని, పిల్లలు ఆడుకునే చెక్క బల్లల మీద చేతికి అంటుతుందని తేలాక, అమెరికాలో ఇళ్ళ అవసరాలకు దాని వాడకం 2003 చివరికి ఆగింది. 2004లో ఐరోపా కూడా కట్టడి పెట్టింది. మిగతా పాత మందుల గతీ అంతే. చెదకు తిరుగులేని మందులుగా వెలిగిన ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్‌లను, పుచ్చుకు వాడిన లిండేన్‌ను, పెంటాక్లోరోఫినాల్‌ను మన దేశం ఒక్కొక్కటిగా నిషేధించింది. వీటిలో చాలావరకు కొవ్వులో పేరుకుని ఏళ్ళ తరబడి పోనివి. ఇప్పుడు చెదమందుగా విరివిగా అమ్ముడుపోయే క్లోర్‌పైరిఫాస్‌ను కూడా 2025లో స్టాక్‌హోం ఒప్పందం తొలగించాల్సిన రసాయనాల జాబితాలో, కొన్ని మినహాయింపులతో చేర్చింది. అటకలో పాత మందు డబ్బా ఏదైనా పేరు చెరిగిపోయి పడి ఉంటే దాన్ని వాడకపోవడమే క్షేమం.

వీటి స్థానంలో ఇంటి లోపలి కలపకు అన్ని విధాలా తగినదిగా నిలిచింది బోరాన్. ఇది కొత్త వస్తువేమీ కాదు. కంసాలి బంగారం అతికేటప్పుడు వాడే వెలిగారం, క్యారంబోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు, రెండూ బోరాన్ సమ్మేళనాలే. మందు పట్టిన కర్రను పురుగు కొరికితే బోరాన్ దాని పొట్టలోకి పోయి అరుగుదలను దెబ్బతీస్తుంది, ఆకలితో చంపుతుంది. బూజుకూ అది విషమే. అందువల్ల చెద పెంచుకునే బూజు తోటల మీద, చెమ్మ కర్రను కుళ్ళబెట్టే శిలీంధ్రం మీద కూడా పనిచేస్తుంది. వాసన లేదు, రంగు లేదు, గాలిలోకి ఆవిరి కాదు. న్యూజిలాండ్‌లో ఇళ్ళ చట్రాలకు వాడే పైన్ కలపను 1950ల నుంచి దీనితో కాపాడుతూ వచ్చారు. మన దేశంలో వెదురుకు సిఫారసు చేసేదీ ఎక్కువగా ఇదే.

విషం తక్కువ అంటే విషమే లేదని కాదు. ఎలుకల మీద జరిగిన పరీక్షల్లో బోరిక్ ఆమ్లం ప్రాణాంతక మోతాదు కిలో బరువుకు 2,600 మిల్లీగ్రాములకు పైనే తేలింది, వంటింటి ఉప్పుది దాదాపు 3,000. ఆ లెక్కన ఇది తీవ్ర విషం కాదు. కానీ పసిపిల్లలు మింగితే ప్రమాదమే. ఎక్కువ మోతాదులో సంతానోత్పత్తికి హాని చేస్తుందని ఐరోపా సమాఖ్య దాన్ని ప్రత్యేక జాబితాలో పెట్టింది. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి. కలిపిన బకెట్టు, చెంబు మళ్ళీ వంటింటికి పోకూడదు. అసలు గొప్పదనమల్లా, ఒకసారి కర్రలో ఇంకాక అది అక్కడే ఉండిపోవడం. అటక కింద పడుకునే మనిషి దాన్ని పీల్చడు.

తయారీ కష్టం కాదు. బోరిక్ ఆమ్లం ఒక వంతు, వెలిగారం ఒకటిన్నర వంతు తీసుకోవాలి. 10 లీటర్ల గోరువెచ్చటి నీళ్ళకు బోరిక్ ఆమ్లం 400 గ్రాములు, వెలిగారం 600 గ్రాములు కలిపితే సుమారు పది శాతం ద్రావణం వస్తుంది. ఇక్కడ ఒక రసాయన చమత్కారం ఉంది. ఈ రెంటిలో ఏ ఒక్కటీ విడిగా చల్లటి నీళ్ళలో ఐదు శాతానికి మించి సరిగా కరగదు. రెండూ కలిస్తే ఒకదానికొకటి తోడై అంతకు రెట్టింపు కరుగుతాయి. ఈ రెంటి బదులు డైసోడియం ఆక్టాబోరేట్ అన్న పేరుతో సిద్ధంగా దొరికే పొడి ఇంకా సులువు.

పచ్చి కర్రకైతే ఈ ద్రావణం అద్భుతంగా పనిచేస్తుంది. కర్రలో నీళ్ళున్నంత కాలం బోరాన్ ఆ నీళ్ళ వెంట నెమ్మదిగా లోపలికి నడుస్తుంది. కోసిన వెంటనే ద్రావణంలో ముంచి, దొంతి పెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి కొన్ని వారాలు ఆరనీయకుండా ఉంచితే మందు తెల్లచెక్క లోతుల దాకా చేరుతుంది. కొత్తగా ఇల్లు కడుతూ తోటలో కొట్టిన నీలగిరి, సిల్వర్ ఓక్ వాసాలు వేసేవాళ్ళు చేయాల్సిన మొదటి పని ఇదే. ఖర్చు స్వల్పం, ఫలితం మాత్రం ఇంటి ఆయుష్షంత. పాతకాలంలో మాను కొట్టి నెలల తరబడి చెరువులో నానబెట్టేవారు. నానితే లోపలి పిండి నీళ్ళలోకి పోయి లిక్టస్‌కు తిండి ఉండదు. ఆ పద్ధతిలో నిజమైన ఫలితం ఉంది. అయితే అది పుచ్చుకే, చెద దాన్ని లెక్కచేయదు.

ఇప్పటికే కప్పులో ఉన్న ఎండు దూలానికి దారి కష్టం. నీళ్ళు లేని కర్రలో బోరాన్ లోపలికి నడవదు, పూసినది కొద్ది మిల్లీమీటర్లలో ఆగిపోతుంది. అందుకని మూడు పనులు కలిపి చేయాలి. ముందుగా పాత రంగు, వార్నిషు, నూనె మరక, పుచ్చి మెత్తబడ్డ పొట్టు అంతా గీరెయ్యాలి. రంగు మీద పూసిన మందు నేలపాలే. తర్వాత రెండు మూడు పూతలు ఒకదాని మీద ఒకటి, ముందుది ఇంకిన వెంటనే, వేయాలి. కొసలకు, చీలికలకు, అతుకులకు మందు ధారాళంగా పట్టించాలి. చివరగా, పుచ్చు లోతున్నచోట బెజ్జాలు వేసి మందు లోపలికే పంపాలి. 8, 10 మిల్లీమీటర్ల బెజ్జం చాలు. వంపు తాకిడి దూలం ఎత్తులో సరిగ్గా మధ్యన అన్నిటికంటే తక్కువ కాబట్టి ఆ వరుసకు దగ్గరగా, కాస్త ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి కాకుండా అటూ ఇటూ ఎడంగా వేయాలి. కింది అంచున, దూలం నడుము దగ్గర బెజ్జం వేయడం దాన్ని చేజేతులా విరగ్గొట్టడమే. బెజ్జాల్లో ద్రావణాన్ని సిరంజితో నాలుగైదు సార్లు నింపి, ఇంకాక బోరాన్ ముద్దనో, అచ్చుపోసిన బోరాన్ కడ్డీనో పెట్టి చెక్క బిరడాతో మూసెయ్యాలి. గ్లైకాల్ కలిపి అమ్మే బోరాన్ ద్రావణాలు ఎండు కర్రలోకి నీళ్ళ ద్రావణం కంటే బాగా పాకుతాయి, వాటికి ధర కూడా ఎక్కువే.

మందు వేసిన మర్నాడు పొడి రాలడం ఆగదు. లోతున ఉన్న పిల్లలు తమ కాలం పూర్తిచేసుకుని బయటికి వస్తూనే ఉంటాయి. కానీ అవి మళ్ళీ పెట్టే గుడ్ల నుంచి వచ్చే పిల్లలు మందు పొరను కొరికి చస్తాయి. ఒకటి రెండు వేసవులు ఓపిక పట్టాలి. రెండు నెలలకే మందు పనిచేయలేదని అనుకుని ఘాటైనది తెచ్చి కొట్టడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు, అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

ఈ సీమలో ఆ ప్రమాదానికి ఇంకో ముఖం ఉంది. చింతామణి, శిడ్లఘట్ట చుట్టుపక్కల పట్టుపురుగుల పెంపకం ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. చిన్న రైతుల ఇళ్ళలో తట్టలు, చంద్రికలు, స్టాండ్లు మనుషులు ఉండే కప్పు కిందే ఉంటాయి. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, బైఫెంత్రిన్ లాంటి మందులు మనుషులకు పాత విషాలంత కీడు చేయవు, పుచ్చును వేగంగా చంపుతాయి. పట్టణంలోని ఇంటికి అవి పనికొస్తాయి. పట్టుపురుగుకు మాత్రం వాటి లేశమైనా మరణమే. దూలానికి కొట్టిన మందు తుంపర తట్టలో పడితే, చేతికి అంటినది ఆకుకు అంటితే, ఆ పంట మొత్తం పోతుంది. ఇమిడాక్లోప్రిడ్ విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. చెరువులో చేపలకు, తోటలో తేనెటీగలకు కూడా ఇవి ప్రాణాంతకం.

అందుకని పట్టుపురుగుల్ని పెంచే ఇంటి కలపకు బోరాన్ పూత, బెజ్జాలు తప్ప చల్లే మందు దేన్నీ దగ్గరికి రానివ్వకూడదు. బోరాన్ కూడా పొట్టలోకి పోతే విషమే కాబట్టి పని రెండు పంటల మధ్య ఖాళీలో జరగాలి. పూత ఆరాక పైన తేలిన తెల్లటి పొడిని తడిగుడ్డతో తుడిచి, వార్నిషో రంగో వేసి మందును లోపల బంధించాలి. తర్వాత ఇల్లంతా కడిగి, చాకీ పురుగులు, అంటే లేత పట్టుపురుగులు, కొన్నింటిని మాత్రం ముందుగా పెట్టి అవి బాగా మేస్తున్నాయని చూసుకున్నాకే పూర్తి పంట దించడం మేలు. వెదురు తట్టలకు మందు జోలికే పోకుండా ఉండటం మంచిది. వాటిని ఎర్రటి ఎండలో పెట్టడం, పుచ్చినవాటిని తీసేయడం చాలు. వేడి కూడా మందే. కలప పెట్టెల ఎగుమతికి అంతర్జాతీయ నియమం అడిగేది కర్ర నడిబొడ్డున 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు. మంచం కోడు, పీట, చిన్న తలుపు రెక్క లాంటివాటికి వేడి చేసే గది దొరికితే ఒక్క చుక్క మందు లేకుండా పురుగు చస్తుంది. అయితే ఆ తర్వాత కొత్త పురుగు పట్టకుండా వేడి కాపాడదు.

చెద విషయంలో బోరాన్ సగం పని మాత్రమే చేస్తుంది. కర్రను తినకుండా ఆపుతుంది గానీ, మట్టి గొట్టాలు ఆ కర్ర మీదుగానే పాకి అవతల ఉన్న బీరువానో పుస్తకాల అరనో చేరగలవు. చెదను ఆపాల్సింది నేల దగ్గర. ఇక్కడే ఈ ప్రాంతపు పాత కట్టడం తెలివి కనబడుతుంది. కర్ర స్తంభాన్ని నేలలో పాతకుండా రాతి పీట మీద నిలబెట్టారు. చెద రాతిని తినలేదు, దాటాలంటే రాతి మీద మట్టి దారి కట్టాలి, కట్టిన రోజే అది ఇల్లాలి కంటబడుతుంది, చీపురుతో పోతుంది. అరుగులకు సిమెంటు వేసి రాతి పీటను కప్పేసిన ఇళ్ళలో ఆ కాపలా పోయింది. గోడను ఆనించి కట్టెల మోపులు పెట్టడం, స్నానాల గది నీళ్ళు పునాది పక్కనే నిలవడం, పెంకు జారి దూలపు కొస తడవడం, ఇవన్నీ చెదకు దారి వేసేవే. వీటిని సరిచేయకుండా ఏ మందు కొట్టినా అది తాత్కాలికమే.

నేలకు మందు తప్పదనుకున్నప్పుడు పని పద్ధతిగా జరగాలి. కట్టి ఉన్న ఇళ్ళకు చెదమందు ఎలా వేయాలో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 6313 మూడో భాగంలో చెప్పింది. గోడ పొడవునా నేలలో బెజ్జాలు వేసి, కొలిచిన మోతాదు పోసి, మూసెయ్యడమే దాని సారాంశం. కలప మందులకు ఐఎస్ 401 ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ళ చేతే చేయించాలి, ఏ మందు ఎంత పోశారో కాగితం మీద రాయించుకోవాలి. బావి, బోరు, చెరువు కాలువ పక్కన ఉన్న ఇంటికి మందు పోయనివ్వకూడదు. డబ్బా మీది త్రికోణపు రంగు చూడటం ఎవరికైనా చేతనవుతుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు తీవ్ర విషం, నీలం మధ్యస్థం, పచ్చ స్వల్పం. ఎరుపు, పసుపు గుర్తులున్నవి ఇంటి లోపలికి తేవాల్సినవి కావు.

ఊళ్ళలో ఇప్పటికీ నడిచే కొన్ని వాడకాల సంగతీ చూడాలి. జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె నిజంగానే చెదను కొంతకాలం దూరం పెడుతుంది, గడపకు, గుంజ మొదలుకు పూయడం మంచి అలవాటే, కానీ చర్మానికి తగిలితే పొక్కుతుంది, తొడుగులు తప్పనిసరి. వేపనూనె పురుగును తరుముతుంది, త్వరగా పోతుంది, ఏటా పూయాలి. ట్రాక్టరు నుంచి తీసిన మాడిన ఇంజనాయిలు పూయడం మాత్రం మానాల్సిన అలవాటు. అందులో క్యాన్సర్ కారకాలు, లోహపు మలినాలు ఉంటాయి, కర్రలోకి లోతుగా దిగదు, నిప్పంటుకుంటే ఆరదు. కిరోసిను బెజ్జాల్లో పోయడమూ అంతే.

వాన, మట్టి తగిలే కర్రకు బోరాన్ పనికిరాదని మరచిపోకూడదు. నీళ్ళలో కరిగేది నీళ్ళతోనే పోతుంది. టమాటా తోటలో పాతే కర్రలకు, కంచె గుంజలకు, చూరు బయట తడిసే వాసపు కొసలకు ఆర్సెనిక్ లేని రాగి మందులు వాడాలి. రాగి, క్రోమియం, బోరాన్ కలిసిన సీసీబీ, రాగి అమ్మోనియం రకపు ఏసీక్యూ, రాగి అజోల్ అలాంటివి. డెహ్రాడూన్ సంస్థే జింకు, బోరాన్, రాగి కలిపి జిబాక్ అనే మిశ్రమాన్ని రూపొందించింది. వీటిలో ఎక్కువ భాగం ఒత్తిడి తొట్టిలో పెట్టి ఎక్కించాల్సినవి, ఇంట్లో బ్రష్షుతో పూసేవి కావు. బెంగళూరు మల్లేశ్వరంలోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ దక్షిణాదిలో ఈ విద్యకు కేంద్రం. 1938లో అటవీ పరిశోధనశాలగా మొదలై 1988లో ఇప్పటి రూపు తీసుకున్న ఆ సంస్థ చింతామణి వాళ్ళకు బస్సు దూరంలోనే ఉంది. పెద్ద ఇల్లో, గుడి మండపమో, పాత బడో అయితే అక్కడి సలహా తీసుకున్నాకే పని మొదలుపెట్టడం మంచిది.

మందుతో బతకని దూలాన్ని మార్చక తప్పదు. ఉలి మూడో వంతు లోతుకు సులువుగా దిగిపోతే అది మోసే కర్ర కాదు. పని మొదలుపెట్టే ముందు కింద నుంచి బలమైన పోటు గుంజలు బిగించి కప్పు బరువును వాటి మీదికి తేవాలి. కొస మాత్రమే పాడైతే, గట్టి భాగం దాకా కోసి, బోరాన్ పట్టించిన కొత్త ముక్కను ఏటవాలు అతుకుతో బోల్టులు వేసి కలపొచ్చు. నడుము పుచ్చితే రెండు వైపులా కొత్త చట్టాలు కట్టి బిగించొచ్చు, లేదా దూలాన్నే మార్చాలి. గోడలోకి పోయే కొసను రాయి మీద కూర్చోబెట్టి, చుట్టూ గాలి ఆడేంత సందు వదలాలి. సిమెంటుతో బిగిస్తే చెమ్మ బయటికి పోదు.

తీసేసిన పుచ్చు కర్రను పెరట్లో దొంతి పెడితే అందులోని పురుగు మళ్ళీ ఇంట్లోకి వస్తుంది, వెంటనే కాల్చెయ్యాలి. అయితే అది ఏ మందూ పట్టించని కర్ర అయితేనే. ఎక్కడో పాతబడి తీసేసిన పచ్చటి చాయ ఉన్న కరెంటు స్తంభం ముక్క, కంచె గుంజ ముక్క సీసీఏ పట్టించినది కావొచ్చు. దాన్ని పొయ్యిలో పెట్టకూడదు, నీళ్ళ కాగు కింద పెట్టకూడదు, దాని బూడిదలో ఆర్సెనిక్ మిగులుతుంది. ఆ బూడిద గిన్నెలు తోమడానికీ, ఎరువుగా మల్బరీ తోటకూ పోకూడదు. బకెట్టులో మిగిలిన బోరాన్ ద్రావణాన్ని కూడా చెట్ల మొదట్లో పారబోయకూడదు, మోతాదు మించితే బోరాన్ మొక్కలను మాడ్చేస్తుంది. మిగిలినదాన్ని తలుపు చట్రం వెనకవైపుకో, అటక పలకల అడుగుకో మరో పూతగా వేసి బకెట్టు ఖాళీ చేయాలి.